నాన్న దారి తప్పకుండా

పోయిన వారం మన లిఫ్టాయన్ని ఒక అడవిబాటలో, చేతిలో పసుపుపచ్చ ఊలు ముక్కతో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం మనిషి అక్కడే ఉన్నాడు. జాలిపడకండి, ఇంకాసేపు నిలబడాల్సినవాడే.

ఇప్పుడే కథలో అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు. ఇతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పాత ఊళ్ళో రెండేళ్ళపాటు ఒకావిడ ఇంటికి రాకపోకలు సాగించాడు. లిఫ్టు లేని ఇల్లది, అంచేత పనిమీద వెళ్ళానని బొంకడానికి కూడా వీల్లేకపోయింది. భార్యకి తెలిసింది. ఇల్లు రణరంగమైంది. అత్తగారు పెట్టె సర్దుకుని వచ్చి నెల్లాళ్ళు కూర్చుంది. అతను కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఊరొదిలి ఇంకెక్కడికైనా పోయి బతుకుదామని భార్య ఒప్పుకుంది. ఒప్పుకునేముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పిల్లని ఎప్పుడైనా అక్కడికి తీసుకెళ్ళారా?" నిద్రపోతున్న కూతురి తలమీద చెయ్యిపెట్టి "లేదు" అన్నాడు.

ఆ "లేదు" మీదే ఈ మూణ్ణెల్ల కాపురం నిలబడి ఉంది. అది నిజమో కాదో ఇన్ని వారాలుగా నేను మీకు చెప్పలేదు. ఈ వారం చెప్పక తప్పదు.

కొత్త ఊళ్ళో భార్య మందుల షాపులో చేరింది. ఆదివారం మధ్యాహ్నం దాకా డ్యూటీ. ఆ పూట తండ్రీకూతుళ్ళిద్దరూ పాత కారేసుకుని ఊరి చుట్టూ ఏముందో చూసి రావడం అలవాటైంది. ఒక వారం నున్నటి రాళ్ళగుట్ట, ఒక వారం నది వంపు, ఒక వారం తిరగడం మానేసిన గాలిమర. ఎనిమిదేళ్ళ ఆ పిల్లని తండ్రి గుండుసూది అని పిలుస్తాడు. సన్నగా ఉంటుంది, దేన్నయినా ఇట్టే గుచ్చి పట్టేస్తుంది. వెనకసీట్లో కూర్చుని ప్రతి మలుపూ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. 'పెట్రోలు బంకు దగ్గర కుడి. విరిగిన గోడ దగ్గర ఎడమ.' మా పిల్ల పెద్దయ్యాక రోడ్లేసే ఇంజనీరవుతుందని అతను తోటి మెకానిక్కుల దగ్గర గొప్పలు పోయాడు కూడా. ఈ ఆదివారం వాగు చూద్దామని కారు రోడ్డు పక్కన ఆపి, ఇద్దరూ చెట్లలోకి నడిచారు. కాసేపయ్యాక అతను వెనక్కి తిరిగి చూస్తే, ఇరవై అడుగులకొకటి చొప్పున కొమ్మలకి ఊలు ముక్కలు ముడేసి ఉన్నాయి. ఒకటి విప్పి చేతిలో పట్టుకుని "ఇవెందుకే?" అని అడిగాడు. అక్కడ ఆగాం.

"నీకోసమే నాన్నా," అంది గుండుసూది. తండ్రి చేతిలోని ముక్క లాక్కుని మళ్ళీ అదే కొమ్మకి కట్టేసింది. "విప్పకు. లెక్క తప్పుతుంది."

"నాకెందుకే? నేనేమన్నా మేకపిల్లనా, తప్పిపోవడానికి?"

అతను నవ్వాడు. పిల్ల నవ్వలేదు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని, ముందుకు నడిచింది.

"నువ్వు తప్పిపోతావుగా. కానీ ఏం పర్లేదు. ఇప్పుడు నేనున్నాగా."

వాగు చిన్నదే. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు తేటగా కనిపిస్తున్నాయి. అవతలి ఒడ్డున ఒక పెద్ద బండ మీద ఎండ పడుతోంది. ఇద్దరూ చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. సంచీలోంచి అరటిపళ్ళు తీశాడు. పిల్ల తొక్క తీసుకుంటూ ఉంటే, అతనికి ఆ మాట ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

"ఎవరు చెప్పారే నీకు, నేను తప్పిపోతానని?"

"అమ్మమ్మ."

అత్తగారి ఊసెత్తగానే అతని చేతిలో పండు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నీకే చెప్పిందా?"

"నాక్కాదు, అమ్మకి. మనింట్లో ఉందిగా అప్పుడు. నేను నిద్రపోలేదు, దుప్పటి కప్పుకుని ఊరికే పడుకున్నా. 'మీ ఆయన దారి తప్పాడే' అంది. అమ్మ ఏడ్చింది. మర్నాడు నేను అమ్మని అడిగా, నాన్న దారి తప్పాడా అని. అమ్మేమో 'తప్పాడులే, మళ్ళీ దార్లోకొచ్చాడు' అంది. మరి మళ్ళీ తప్పితే ఎలా అన్నా. 'మనమే దార్లో పెట్టుకోవాలి' అంది." పిల్ల ఒక ముక్క కొరికి, నమిలి, మింగాక పూర్తి చేసింది. "అమ్మకి ఆదివారం షాపుంటుంది. ఇంకెవరు పెడతారు నిన్ను దార్లో? అందుకే రాసుకుంటున్నా."

మన భాష ఎంత పని చేసిందో చూశారా! పెద్దవాళ్ళు పిల్లలకి తెలియకూడదని చాటుమాటుగా మాట్లాడుకుంటారు. పిల్లలు ఆ మాటల్ని ఉన్నవున్నట్టు పట్టుకుంటారు. అమ్మమ్మ అన్న దారి వేరు, ఆ పిల్లకి అర్థమైన దారి వేరు. ఇంజనీరింగూ లేదు, వంకాయా లేదు. మూణ్ణెల్లుగా ఆ పసిది మలుపు మలుపూ రాసుకుంటున్నది, తెలివితక్కువ నాన్న ఎక్కడ తప్పిపోతాడోనని.

అతనికి ముందు వచ్చింది నవ్వే. ఆ నవ్వు గొంతులోంచి పైకి రాకముందే పిల్ల ఇంకో మాట అంది.

"అమ్మమ్మ చెప్పకముందే నాకు తెలుసు నాన్నా. ఆకుపచ్చ గేటు ఇంటి దగ్గర ఎన్నిసార్లు తప్పిపోలేదూ నువ్వు?"

అతను నీళ్ళలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు.

శనివారాలు. పిల్ల బొమ్మల క్లాసు నాలుగింటికి అయిపోయేది. "నేను తీసుకొస్తాలే, నువ్వు రెస్టు తీసుకో" అని భార్యతో ఎంతో ప్రేమగా చెప్పి బయల్దేరేవాడు. పిల్లతో వెళ్ళిన మగాణ్ణి ఎవరు అనుమానిస్తారు? తిరిగొచ్చేటప్పుడు కారు ఆ వీధిలో ఒక చెట్టు కింద ఆపేవాడు. వెనక్కి తిరిగి, "ఐదు నిమిషాల్లో వస్తా. తలుపు తియ్యకు" అని చెప్పి ఆకుపచ్చ గేటు తీసుకుని లోపలికి పోయేవాడు.

ఈ ఐదు నిమిషాల సంగతి చెప్పాలి. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల జనం ఇరుక్కుంటే, బయటినుంచి మెకానిక్ చెప్పే మొదటిమాట "ఐదు నిమిషాలండీ." గంట పడుతుందని తెలిసినా అదే చెప్పాలి. గంట అంటే లోపలివాళ్ళు గాభరాపడి తలుపులు బాదుతారు. ఐదు నిమిషాలంటే ఓపిక పడతారు, అవయ్యాక ఇంకో ఐదు. అతనికి పని నేర్పిన పెద్ద మెకానిక్ చెప్పిన మొదటి పాఠం అది. మంచి పాఠమే. దాన్ని తెచ్చి కన్నకూతురి మీద వాడాడు మహానుభావుడు.

"అక్కడన్నీ ఒకేలాంటి ఇళ్ళు కదా," అంటోంది పిల్ల, తండ్రిని వెనకేసుకొస్తూ. "ఎవరైనా తప్పిపోతారు. నేను పుస్తకం మొత్తం చదివేసేదాన్ని. మళ్ళీ మొదట్నుంచి చదివేదాన్ని. పాపం నాన్న ఏ వీధిలో తిరుగుతున్నాడో అనుకునేదాన్ని. ఒకసారి హారన్ కొడదామనుకున్నా, నీకు వినపడితే వచ్చేస్తావని. కానీ ముందు సీట్లోకి పోతే నువ్వు తిడతావుగా. అందుకని కొట్టలేదు."

అతను చేతిలో పండు పక్కన పెట్టేశాడు.

"ఒకసారి మాత్రం ఆగలేకపోయా నాన్నా." పిల్ల గొంతు తగ్గించింది. వాగు దగ్గర వాళ్ళిద్దరూ తప్ప ఎవరూ లేరు, అయినా తగ్గించింది. "సీటంతా తడిసిపోయింది. నీకు తెలియకూడదని మంచినీళ్ళ సీసా దానిమీద ఒంపేశా."

అతనికి ఆ రోజు గుర్తుంది. గుర్తుండకపోతే ఎంత బాగుండునో! ఆ సాయంత్రం హుషారుగా ఈల వేసుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. తలుపు తీస్తే సీటంతా నీళ్ళు. "ఇంత వయసొచ్చింది, ఒక సీసా పట్టుకోవడం చేతకాదా? బుద్ధుందా లేదా?" అని వీధిలో నలుగురూ వినేలా అరిచాడు. ఇంటికెళ్ళేదాకా సణుగుతూనే ఉన్నాడు. పిల్ల తడి గౌనుతో ఒక పక్కకి ఒదిగి కూర్చుని, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సీసా ఒలికిందన్నదే నిజమనిపించడానికి ఆ తిట్లన్నీ భరించింది.

"అమ్మకెందుకు చెప్పలేదే?" అని అడిగాడు.

"చెప్తే అమ్మ నవ్వుతుందిగా. అమ్మమ్మకీ చెప్తుంది. పెద్దవాళ్ళు దారి తప్పితే అందరూ నవ్వుతారు. నీకు సిగ్గు కదా నాన్నా."

సిగ్గు! ఆ మాటకి అతనికి తల కొట్టేసినట్టయింది. భార్యకి దొరికిపోయిన రోజున కూడా ఇంత సిగ్గు పడలేదు. ఆ రోజు సిగ్గుకన్నా భయమెక్కువ. ఇల్లు పోతుందేమో, పరువు పోతుందేమో, నలుగురిలో మొహమెలా చూపించాలి అని. ఇవాళ చూసేవాళ్ళెవరూ లేరు. వేలెత్తి చూపేవాళ్ళు లేరు. తన సిగ్గు కాపాడటానికి రెండేళ్ళు నోరు మూసుకున్న ఒక ఎనిమిదేళ్ళ పిల్ల పక్కన కూర్చుని అరటిపండు తింటోంది, అంతే. ఆ నేల అక్కడికక్కడే చీలి తనని మింగేస్తే బాగుండుననుకున్నాడు.

"అంత కష్టమా నాన్నా ఆ వీధులు?" అని అడిగింది గుండుసూది.

ఇదిగో, సరిగ్గా ఇక్కడ అతనికి ఒక అవకాశం వచ్చింది. కాదు తల్లీ, తప్పు నాది అనొచ్చు. వివరాలక్కర్లేదు. తప్పు నాది అంటే చాలు. అతను నీళ్ళలోకి చూశాడు. గులకరాళ్ళు లెక్కపెట్టాడు.

"అవునమ్మా," అన్నాడు. "ఆ వీధులన్నీ ఒకేలా ఉండేవి."

అన్నాడండీ! చీపురుకట్ట తిరగేసి నాలుగు తగిలించాలనిపిస్తుంది నాకైతే. పిల్ల అమాయకంగా ఇచ్చిన అబద్ధాన్ని, కుట్టించిన చొక్కాలా సరిగ్గా సరిపోయిందని తొడిగేసుకున్నాడు. పైగా పిల్ల సంతోషించింది. తన అనుమానం నిజమైనందుకు. తండ్రి వీపు మీద తట్టింది కూడా.

"ఏం పర్లేదులే నాన్నా," అంది.

తిరుగు ప్రయాణంలో అతను గంటకి ముప్ఫై దాటలేదు. వెనకనుంచి పిల్ల పుస్తకం చూస్తూ దారి చెబుతోంది. "నల్ల వంతెన అయ్యాక కుడి. కుడి నాన్నా, కుడి." అతనికి ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా చెప్పినట్టల్లా తిప్పాడు. "శభాష్" అంటోంది పిల్ల ప్రతి మలుపుకీ. ఒక్కో శభాష్ ఒక్కో చెంపదెబ్బలా తగులుతోంది. అద్దంలో పిల్ల మొహం చూడాలంటే మొహం చెల్లక, అద్దం కొంచెం పైకి తిప్పేశాడు.

ఊరి మొదట్లో రైల్వే గేటు పడింది. ఇంజను ఆపి కూర్చున్నారు.

"నాన్నా, రేపు స్కూల్లో నేనే మొదట చదవాలి," అంది పిల్ల. "మా టీచరు రాసుకు రమ్మంది, 'ఇంట్లో ఎవరికి ఏం సాయం చేస్తావు' అని. అందరూ గిన్నెలు తుడుస్తా, మొక్కలకి నీళ్ళు పోస్తా అని రాశారు. నేను వేరేది రాశా."

"ఏం రాశావు?"

"మా నాన్నకి దారి చూపిస్తాను అని. ఆకుపచ్చ గేటు కూడా రాశా. రెండు పేజీలొచ్చింది. అన్నం తిన్నాక అమ్మకి చదివి వినిపిస్తా, తప్పులుంటే దిద్దుతుంది."

రైలు వచ్చింది, ధడధడమంటూ పోయింది. అన్నం తిన్నాక. అంటే ఇంకో గంట. గంటలో భార్య చేతిలో ఆ రెండు పేజీలు పడతాయి. పిల్ల తలమీద పెట్టిన చెయ్యి, చెప్పిన "లేదు", మూణ్ణెల్లుగా కూడదీసుకుంటూ నిలబెట్టిన ఇల్లు, అన్నీ ఆ పేజీల్లో కొట్టుకుపోతాయి.

గేటు లేచింది. వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. అతను కారు కదపలేదు.

"గుండుసూదీ," అన్నాడు, వెనక్కి తిరక్కుండా. "అది... ఆ గేటు సంగతి... అమ్మకి చెప్పకపోతేనేమే?"

"ఎందుకు? ఇప్పుడు నువ్వు బాగా నడుపుతున్నావుగా."

"ఊరికే. మనిద్దరి మధ్యే ఉంచుకుందాం."

"సరే నాన్నా," అంది పిల్ల, వెంటనే, ఏమాత్రం ఆలోచించకుండా. పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది. "గిన్నెలు తుడుస్తానని రాసుకుంటాలే. చెప్పకుండా ఉండటం నాకు అలవాటేగా."

అలవాటేగా! ఎనిమిదేళ్ళ పిల్లకి ఏవేం అలవాటవుతాయి? పళ్ళు తోముకోవడం అలవాటవుతుంది, పెన్సిలు కొరకడం అలవాటవుతుంది. తండ్రి పాపాన్ని కడుపులో దాచుకోవడం కూడా అలవాటైన పిల్ల తన కారులో కూర్చుని ఉంది. అలవాటు చేసింది తనే. ఇప్పుడు కొత్త ఊరొచ్చి, కొండలూ వాగులూ చూపించి, మళ్ళీ అదే పని చేయిస్తున్నాడు.

వెనకవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. అతను కారు పక్కకి తీసి ఆపాడు.

"వద్దమ్మా," అన్నాడు. "ఏమీ దాచొద్దు. నువ్వు రాసింది అలాగే ఉండనీ. అమ్మకి ముందు నేను చెప్తాను."

"నువ్వే చెప్తావా? నీకు సిగ్గు కదా?"

"సిగ్గే," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య అప్పుడే షాపునుంచి వచ్చి, వరండాలో ఆరేసిన బట్టలు తీసి మడతపెడుతోంది. పిల్ల చేతులు కడుక్కోవడానికి లోపలికి పరిగెత్తింది. అతను చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"ఏం చూశారేంటి ఇవాళ?" అంది భార్య. ఈమధ్య ఆమె గొంతులో కొంచెం మెత్తదనం వస్తోంది. గత వారమే మొదటిసారి అతని చొక్కాకి ఊడిన గుండీ అడగకుండానే కుట్టి పెట్టింది.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు.

ఆమె దిండుగలీబు సగం మడతలో ఆపి అతని మొహం చూసింది. చూడగానే తెలిసిపోయినట్టుంది, ఇది వాగు సంగతి కాదని.

"దాని తలమీద చెయ్యి పెట్టి నేను చెప్పింది అబద్ధం."

అంతే చెప్పగలిగాడు. ఇంకేం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు, ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆమె అరవలేదు. దిండుగలీబు మడత పూర్తిచేసి, మిగతావాటి మీద పెట్టి, పైన చేత్తో సాపుచేసింది.

"లోపలికి తీసుకెళ్ళావా?"

నువ్వు. పదేళ్ళ కాపురంలో ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. అంతా బయటపడిన రోజున కూడా, చేతిలో గ్లాసు గోడకేసి కొట్టినప్పుడు కూడా, "మీకు సిగ్గులేదా" అనే అరిచింది. ఇవాళ అరవకుండా, మెల్లగా, నువ్వు అంది.

"లేదు. కార్లో ఉండేది."

"ఎన్నిసార్లు?"

"శనివారాలు... పది పన్నెండు..."

"ఎంతసేపు?"

"గంట. ఒక్కోసారి... కొంచెం ఎక్కువ."

"ఎండలో."

"చెట్టు నీడలో పెట్టేవాణ్ణి. అద్దాలు కొంచెం దించి..."

తన నోట్లోంచి వస్తున్న మాటలు తనకే వినిపించి ఆగిపోయాడు. ఏదో మంచిపని చేసినట్టు నీడ గురించి చెబుతున్నాడు. ఆమె బట్టల కుప్ప పక్కన కూర్చుండిపోయింది. పిల్ల చిన్న గౌను ఒకటి ఒళ్ళో పెట్టుకుని దాని చేతులు అటొకటి ఇటొకటి మడిచింది, మళ్ళీ విప్పింది.

"అది ఏమనుకుంది?" అని అడిగింది చివరికి.

చెప్పాడు. అమ్మమ్మ మాట, దుప్పటి, ఊలు ముక్కలు, మలుపుల పుస్తకం, సీసాలో నీళ్ళు, అన్నీ. "మనమే దార్లో పెట్టుకోవాలి" అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాగు దగ్గర తను "అవునమ్మా" అన్న సంగతి దాటేద్దామనుకున్నాడు. దాటెయ్యలేదు. అదీ చెప్పాడు. రైల్వే గేటు దగ్గర చెప్పొద్దని పిల్లని తను బతిమాలిన సంగతి కూడా చెప్పాడు.

"నన్ను మోసం చేశావు. అది నా గొడవ, నేను చూసుకుంటా," అంది భార్య. "దాన్ని మోసం చేసింది ఎవరు చూసుకుంటారు? నేను సర్దిచెప్పాలా? మా అమ్మ చెప్పాలా? నువ్వే చెప్పు."

"చిన్నపిల్ల. ఆవిడ గురించి దానికెలా చెప్పను?"

"ఆవిడ గురించి ఎవరు చెప్పమన్నారు నిన్ను? దారి తప్పలేదని చెప్పు. తెలిసే కూర్చోబెట్టానని చెప్పు. రేపు నలుగురు పిల్లల ముందు నిలబడి 'మా నాన్నకి దారి తెలీదు' అని చదువుతుంది అది, నీమీద జాలితో. ఆ జాలి నీకు దక్కకూడదు." ఆమె ఒళ్ళోని గౌను తీసి కుప్ప మీద పెట్టేసింది. "అది విన్నాక ఏమంటుందో చూసి, ఈ ఇంట్లో ఎవరుండాలో అప్పుడు ఆలోచిస్తా. వెళ్ళి కార్లో కూర్చో."

"కార్లోనా?"

"వెనక. అది కూర్చున్నచోట. పంపిస్తా."

కారు ఎండలోనే ఉంది. అతను వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు, తలుపు వేసుకున్నాడు. మూడేళ్ళుగా ఆ కారు నడుపుతున్నాడు, వెనకసీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి చూస్తే ముందు సీటు వీపు తప్ప రోడ్డు సరిగ్గా కనపడదు. సీటు గుడ్డ మీద పెన్సిలు గీతలు, బిస్కెట్ పొడి. రెండు నిమిషాలకే ఒళ్ళంతా చెమట పట్టింది. ఇంకో రెండు నిమిషాలకి ఇంటి తలుపు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఎవరూ రావడం లేదు.

ఉక్కపోతకి తట్టుకోలేక తలుపు తెరుద్దామని పిడి లాగాడు. తెరుచుకోలేదు. ఇంకోసారి గట్టిగా లాగాడు. అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల ఐదేళ్ళప్పుడు, కారు కొన్న రోజునే, ఆ తలుపులకి పిల్లల తాళం వేసింది తనే. లోపల్నుంచి ఎంత లాగినా రాదు. అంటే ఇన్ని శనివారాలూ, తియ్యలేని తలుపుని తియ్యొద్దని చెప్పి వెళ్ళాడన్నమాట. ఇరుక్కున్నవాళ్ళని బయటికి తియ్యడమే తన వృత్తి. అతను పిడి వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ఎంతసేపటికో అద్దం మీద చిన్న వేళ్ళు టకటకలాడాయి. గుండుసూది బయటినుంచి తలుపు తీసింది.

"అమ్మ నువ్వేదో చెప్తావంది. జరుగు," అని ఎక్కి పక్కన కూర్చుంది. తండ్రి మొహం చూసి భయపడింది. "అమ్మ నవ్విందా నాన్నా?"

"లేదమ్మా. నవ్వలేదు." మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "నేను వాగు దగ్గర నీకు అబద్ధం చెప్పాను. నేనెప్పుడూ దారి తప్పలేదు. ఒక్కసారి కూడా."

పిల్ల కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"కారు ఎక్కడుందో నాకు తెలుసు. నువ్వు లోపల ఉన్నావనీ తెలుసు. రావాలంటే నిమిషంలో వచ్చేవాణ్ణి. కావాలనే రాలేదు. తప్పు వీధులది కాదు, నాది."

"మరి ఎక్కడున్నావు?"

"ఆ ఇంట్లోనే. పైన గదిలో."

పిల్ల ఆ ఇంటిని గుర్తు తెచ్చుకుంటోంది. దేన్నీ మర్చిపోయే పిల్ల కాదు. గేటు, గోడ, మెట్లు, పైన వీధివైపున్న కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే చెట్టూ, దాని కింద కారూ స్పష్టంగా కనిపిస్తాయి. అది అతనికి తెలుసు, ఎందుకంటే ఒక శనివారం అలా చూసి, చూడలేక, తెర లాగింది అతనే. ఆ మాట భార్యకి కూడా చెప్పలేదు. ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు.

గుండుసూది తలెత్తి సూటిగా తండ్రి కళ్ళలోకి చూసింది.

"పైగదికి కిటికీ ఉందిగా," అంది. "నేను కనిపించానా నాన్నా?"